ప్రొజెక్టర్ మెనూలో ముందు ఏది ముట్టుకోవాలి? పొగ నలుపు, పచ్చ ముఖాలు, మాయమయ్యే సెట్టింగ్స్

మీరు రాసిన సమస్యలు నాలుగు. కొత్త ఫుల్ హెచ్‌డీ లాంప్ ప్రొజెక్టర్ (లోపల మూడు ఎల్‌సీడీ ప్యానెళ్లుండే 3ఎల్‌సీడీ రకం), హాల్లో 100 అంగుళాల తెర, ఒక స్ట్రీమింగ్ స్టిక్, ఒక సెట్‌టాప్ బాక్స్ మీ సరంజామా. రాత్రి సీన్లలో నలుపు ఉండాల్సిన చోట బూడిద రంగు పొగ కమ్ముతోంది. ముఖాలు కాస్త ఆకుపచ్చగా కనిపిస్తున్నాయి. రెండు గంటలు కూర్చుని సర్దుకున్న సెట్టింగ్స్ మర్నాడు మ్యాచ్ పెట్టేసరికి లేవు. మెనూలో కొన్ని వరసలు అసలు నొక్కనివ్వడం లేదు. "ఇన్ని పేజీల్లో ఎక్కడ మొదలుపెట్టాలి, టెన్షన్‌గా ఉంది" అన్నారు.

పన్నెండేళ్లుగా మా ఇంట్లో సినిమా అంటే ప్రొజెక్టరే. చుట్టాలవీ స్నేహితులవీ కలిపి పదిహేను దాకా నా చేత్తో సర్దిపెట్టి ఉంటాను. మీరు చెప్పినవాటిలో ఒక్కటి కూడా మెషీన్ లోపంలా నాకు అనిపించడం లేదు. తిరిగి ఇచ్చేయాలన్న ఆలోచన ఉంటే కొన్నాళ్లు పక్కన పెట్టండి.

మొదటి పేజీ పిక్చర్ పేజీ కాబట్టి అందరూ అక్కడే మొదలుపెడతారు. బ్రైట్‌నెస్ కొంచెం పెంచుతారు, కాంట్రాస్ట్ తగ్గిస్తారు, కలర్ పెంచుతారు, మళ్లీ బ్రైట్‌నెస్ దగ్గరికి వస్తారు. మీరూ అదే చేసినట్టున్నారు. ఆ స్లయిడర్లు చివర్లో ముట్టుకోవాల్సినవి. గది, ప్రొజెక్టర్ నిలబెట్టిన తీరు, దానికి అందుతున్న సిగ్నల్, కలర్ మోడ్, ఈ నాలుగూ సరైతే స్లయిడర్లకు మిగిలే పని రెండు మూడు నొక్కులే. ఈ నాలుగింట్లో ఏది తేడాగా ఉన్నా దాన్ని స్లయిడర్లతో కప్పిపుచ్చాలని చూస్తే, ఒక సీను బాగుపడి ఇంకో సీను చెడిపోతుంది.

పని మొదలుపెట్టే ముందు ఫోన్ తీసి మెనూలో ప్రతి పేజీనీ ఫొటో తీసుకోండి. ఆ తర్వాత పిక్చర్ మెనూలో రీసెట్ నొక్కి ఫ్యాక్టరీ విలువలకు రండి. ఇప్పటిదాకా ఏవేవి కదిపారో మీకే గుర్తుండదు, వాటి మీద మళ్లీ కదిపితే చిక్కు ఇంకా పెరుగుతుంది. ప్రొజెక్టర్ వేసిన అరగంట తర్వాత సర్దడం మొదలుపెట్టండి. లాంప్ వేడెక్కి నిలకడగా వెలగడానికి ఆ సమయం పడుతుంది.

ముందు గది. రాత్రి లైట్లన్నీ ఆర్పి, ప్రొజెక్టర్ వేసి నల్లటి బొమ్మ వచ్చేలా చూడండి. తెర మీద పడిన వెలుగు తెల్ల గోడలకీ సీలింగ్‌కీ తగిలి మళ్లీ తెర మీదకే వస్తుంది. మన ఇళ్లలో గోడలు ఎక్కువగా తెలుపో లేత క్రీమో కాబట్టి నలుపు సగం అక్కడే పోతుంది. రంగులు వేయించమని చెప్పడం లేదు. తెరకు రెండు వైపులా నాలుగైదు అడుగుల మేర ముదురు రంగు పరదాలు వేలాడదీసి చూడండి. మా బావగారింట్లో మెరూన్ పరదాలు కట్టిన రోజు, కొత్త ప్రొజెక్టర్ తెచ్చారా అని పిల్లలు అడిగారు.

తర్వాత నిలబెట్టడం. దీని గురించి మీరు అడగలేదు గానీ, మీరు పెట్టిన ఫొటోలో ప్రొజెక్టర్ కింద పుస్తకాలు పేర్చి ముందువైపు ఎత్తడం, కీస్టోన్‌తో బొమ్మ సరిచేయడం కనిపించాయి. ప్రొజెక్టర్ వంగితే తెర మీద బొమ్మ పైన వెడల్పుగా, కింద ఇరుగ్గా పడుతుంది. కీస్టోన్ చేసేదల్లా లోపలి ప్యానెల్ మీద బొమ్మను తిరగేసిన ఆకారంలో కుదించి గీయడం. మీ ప్యానెల్‌లో అడ్డంగా 1920 చుక్కలున్నాయి. కుదించిన వరసల్లో వాటిలో కొన్ని వృథాగా పోయి, సన్నని గీతలు, అక్షరాలు మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. వాడని చుక్కలు పూర్తిగా చీకటి కావు, బొమ్మ చుట్టూ సన్నటి బూడిద అంచులా మిగులుతాయి. అందుకే కీస్టోన్‌ను సున్నా చేసి, మేస్త్రీలు వాడే రసమట్టం ఒకటి ప్రొజెక్టర్ పైన పెట్టి సమంగా ఉందో లేదో చూడండి. లెన్స్ తెరకు ఎదురుగా, అడ్డంగా సరిగ్గా మధ్యలో ఉండాలి. ఎత్తు చాలకపోతే వంచొద్దు, స్టూలు ఎత్తు పెంచండి. మీ మోడల్‌లో లెన్స్ షిఫ్ట్ చక్రం ఉంటే దాన్ని నిస్సంకోచంగా వాడండి. అది గాజును కదుపుతుంది తప్ప చుక్కల్ని తినదు. ఫోకస్ చేసేటప్పుడు తెర దగ్గరికి వెళ్లి, సినిమా బొమ్మను కాకుండా మెనూ అక్షరాలను చూసి చేయండి.

ఇక సిగ్నల్. మీ పొగ నలుపుకు మూలం ఇక్కడే ఉందని నా అనుమానం. అందుకే దీన్ని కాస్త వివరంగా రాస్తున్నాను.

మెనూలో ఇన్ఫో అనే పేజీ ఉంటుంది. చాలామంది లాంప్ గంటలు చూడ్డానికి తప్ప దాన్ని తెరవరు. నేను ఏ ఇంటికి వెళ్లినా మొదట తెరిచేది ఆ పేజీనే. ప్రొజెక్టర్‌కు ఇప్పుడు ఏం అందుతోందో అది చెబుతుంది: రిజల్యూషన్ ఎంత, సెకనుకు ఎన్నిసార్లు, సిగ్నల్ ఏ రకం. స్టిక్ 720పీ పంపుతుంటే మీరు షార్ప్‌నెస్ ఎంత పెంచినా లాభం ఉండదు. ముందు స్టిక్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోకి వెళ్లి 1080పీ ఎంచుకోవాలి.

వీడియోలో నలుపు నుంచి తెలుపు దాకా మెట్లను అంకెలతో గుర్తిస్తారు. సినిమాలు, టీవీ ప్రసారాలు వాడే పద్ధతిలో 16 అంటే నలుపు, 235 అంటే తెలుపు. కంప్యూటర్లు వాడే పద్ధతిలో 0 నలుపు, 255 తెలుపు. స్టిక్ మొదటి పద్ధతిలో పంపుతూ, ప్రొజెక్టర్ రెండో పద్ధతి అనుకుని చదివిందనుకోండి. 16ని అది నలుపు అనుకోదు, నలుపు మీద పదహారు మెట్లు పైకెక్కిన బూడిద అనుకుంటుంది. 235ని కాస్త మాసిన తెలుపు అనుకుంటుంది. బొమ్మంతా పొగ పట్టినట్టు చప్పగా కనిపిస్తుంది. మీరు వర్ణించింది ఇదే. తేడా తిరగబడితే, అంటే 0 నుంచి 255 పంపుతుంటే ప్రొజెక్టర్ 16 నుంచి 235 అనుకుంటే, చీకటి సీన్లు తారు పూసినట్టు మూసుకుపోతాయి, తెల్లటి చోట్ల వివరం ఎగిరిపోతుంది.

ఈ సెట్టింగ్ పేరు ఒక్కో కంపెనీలో ఒక్కోలా ఉంటుంది. ఎప్సన్‌లో సిగ్నల్ మెనూ లోపల హెచ్‌డీఎంఐ వీడియో రేంజ్ అని ఉండి నార్మల్, ఎక్స్‌పాండెడ్ అని రెండు చూపిస్తుంది. సోనీలో డైనమిక్ రేంజ్ అనే పేరుతో లిమిటెడ్, ఫుల్ అని ఉంటుంది. ఇంకొన్నింట్లో కలర్ స్పేస్ కింద అంకెలతోనే రాసి ఉంటుంది. ఆటోలో ఉంటే చాలాసార్లు సరిగ్గానే పట్టుకుంటుంది, అప్పుడప్పుడు పొరబడుతుంది. చీకటి సీను ఒకటి ఆపి పెట్టి, నార్మల్‌కీ ఎక్స్‌పాండెడ్‌కీ మారుస్తూ చూడండి. స్టిక్‌కీ సెట్‌టాప్ బాక్స్‌కీ 16 నుంచి 235 ఉన్నదే, అంటే నార్మల్ లేదా లిమిటెడ్ సరైనది. ల్యాప్‌టాప్ పెట్టిన రోజు మాత్రం రెండు చివర్లా ఒకే పద్ధతి ఉందో లేదో చూసుకోండి. ఈ ఒక్క నొక్కుతో పొగ పోతే, బ్రైట్‌నెస్ జోలికి వెళ్లాల్సిన పని దాదాపు ఉండదు.

స్టిక్‌లో హెచ్‌డీఆర్, అంటే చీకటి వెలుగుల తేడాను ఇంకా ఎక్కువగా చూపే సిగ్నల్, కూడా ఒకసారి చూడండి. హెచ్‌డీఆర్ సినిమాలను 1000 నిట్లు (తెర మీది వెలుగుకు కొలత), ఒక్కోసారి 4000 నిట్ల వెలుగును దృష్టిలో పెట్టుకుని తయారు చేస్తారు. ఇంటి ప్రొజెక్టర్ తెర మీద వంద నిట్లు రావడమే గొప్ప. అంత వెలుగును ఇంత కొంచెంలోకి కుదించడం సరిగ్గా రాని ప్రొజెక్టర్‌లో మధ్య రంగులన్నీ చీకటిలో మునిగిపోతాయి. మీ తరగతి మెషీన్‌కు నా సలహా స్టిక్‌లోనే హెచ్‌డీఆర్ ఆపేయడం. పెట్టె మీద హెచ్‌డీఆర్ గుర్తు ఉన్నంత మాత్రాన వాడి తీరాలని లేదు. మామూలు సిగ్నల్‌లో చక్కగా సర్దిన బొమ్మ దానికంటే ఎంతో బాగుంటుంది.

సరే, పచ్చ ముఖాల సంగతికి వద్దాం. మీ కలర్ మోడ్ డైనమిక్‌లో ఉండి ఉంటుంది, షాపు వాళ్లు వెలుగు చూపించడానికి అందులోనే పెడతారు. లాంప్ ప్రొజెక్టర్లలో ఉండేది పాదరసపు దీపం. దాని వెలుగులో ఆకుపచ్చ పాలు ఎక్కువ, ఎరుపు తక్కువ. పెట్టె మీద రాసిన ల్యూమెన్లు, అంటే ప్రొజెక్టర్ వెదజల్లే మొత్తం వెలుగు, చూపించాలంటే ఆ ఆకుపచ్చను తగ్గించకుండా మొత్తం వదిలేయాలి, డైనమిక్ మోడ్ చేసేది అదే. సినిమా, నేచురల్ లాంటి మోడ్‌లలో ఎక్కువైన ఆకుపచ్చను కోసి రంగుల్ని సమం చేస్తారు. వెలుగు తగ్గుతుంది, ముఖాలు ముఖాల రంగులోకి వస్తాయి.

"మరి వెలుగు చాలదేమో" అన్న భయం అందరికీ ఉంటుంది. లెక్క చూడండి. డిజిటల్ సినిమా థియేటర్లకు ఎస్ఎంపీటీఈ అనే సాంకేతిక ప్రమాణాల సంస్థ పెట్టిన ప్రమాణం తెర మధ్యలో 48 నిట్లు. మీ 100 అంగుళాల తెర సుమారు 2.2 మీటర్ల వెడల్పు, 1.25 మీటర్ల ఎత్తు, అంటే విస్తీర్ణం దాదాపు 2.75 చదరపు మీటర్లు. వెలుగును పెంచకుండా తగ్గించకుండా వెనక్కి పంపే (గెయిన్ 1 ఉన్న) మామూలు తెల్ల తెర మీద 48 నిట్లు రావాలంటే కావలసింది సుమారు 415 ల్యూమెన్లు. వేలల్లో ల్యూమెన్లు చూసి కొన్న మనకు ఈ అంకె నమ్మబుద్ధి కాదు. చీకటి గదిలో సినిమా మోడ్, లాంప్ ఈకోలో అంటే తక్కువ వెలుగులో పెట్టినా మీ ప్రొజెక్టర్ దీన్ని దాటుతుంది. ఈకోలో ఫ్యాన్ చప్పుడూ తగ్గుతుంది, లాంప్ ఎక్కువ కాలం వస్తుంది. లాంప్ పాతబడి వెలుగు బాగా తగ్గినప్పుడు హైకి మార్చుకోవచ్చు.

కలర్ టెంపరేచర్ దగ్గర కొంచెం ఓపిక కావాలి. ఇంట్లో చూసే సినిమాలకు, టీవీకి తెలుపుగా లెక్కవేసేది డీ65, అంటే సుమారు 6500 కెల్విన్. మెనూలో 6500 అనో, వార్మ్ అనో, మీడియం అనో ఉంటుంది. ట్యూబ్‌లైట్ నీలం తెలుపుకు అలవాటు పడిన కళ్లకు ఇది మొదటి రోజు పసుపు కొట్టినట్టు అనిపిస్తుంది. ఇంట్లో వాళ్లు కూడా పాత సినిమాలా ఉందంటారు. మార్చకుండా నాలుగు రోజులు చూడండి. ఐదో రోజు కూల్‌కి మారిస్తే అదే నీలంగా కొడుతుంది.

దీన్ని సరిచూడడానికి నేను వాడే పద్ధతి ఒకటుంది, మీటర్లు ఏవీ అక్కర్లేదు. మంచి ప్రింటు ఉన్న పాత నలుపు తెలుపు తెలుగు సినిమా ఏదైనా పెట్టండి. అందులో రంగు అన్నదే లేదు కాబట్టి, తెర మీద ఏ రంగు కనిపించినా అది మీ ప్రొజెక్టర్ చేర్చిందే. తెల్ల చీర, బూడిద రంగు గోడ, నీడలో ఉన్న ముఖం చూస్తూ ఉండండి. వెలుతురున్న చోట్ల పచ్చదనం ఉంటే వైట్ బ్యాలెన్స్‌లో గ్రీన్ గెయిన్ రెండు నొక్కులు తగ్గించండి. నీడల్లో పచ్చదనం ఉంటే గ్రీన్ ఆఫ్‌సెట్ తగ్గించండి. గెయిన్ వెలుగుల్నీ ఆఫ్‌సెట్ నీడల్నీ ఎక్కువగా కదుపుతుందని గుర్తుంచుకుంటే చాలు. కొన్ని కాపీలకే రంగు ఛాయ ఉంటుంది, కాబట్టి రెండు మూడు సినిమాలు మార్చి చూడండి. గులాబీ వైపు పోయేంతగా తగ్గించకండి. ఆ సినిమాలు దాదాపు చదరంగా, 4:3కి దగ్గరగా ఉంటాయి, కుడి ఎడమల నల్ల పట్టీలు వస్తాయి. వాటిని అలాగే ఉండనివ్వండి, ఆస్పెక్ట్‌లో ఫుల్ నొక్కి మనుషుల్ని లావు చేయొద్దు. బాగా వెడల్పుగా తీసే స్కోప్ సినిమాలకు పైనా కిందా పట్టీలు రావడం కూడా అంతే సహజం. 16:9 తెర మీద 2.39 నిష్పత్తి బొమ్మ ఎత్తులో నాలుగింట మూడు వంతుల దాకానే పడుతుంది.

ఇప్పుడు మీరు మొదటిరోజు పట్టుకున్న ఆ స్లయిడర్లు. బ్రైట్‌నెస్ అన్న పేరే తికమక పెడుతుంది. అది మొత్తం వెలుగును పెంచేది కాదు, నలుపు ఎక్కడ మొదలవ్వాలో నిర్ణయించేది. తెలుపు ఎంతదాకా వెళ్లాలో కాంట్రాస్ట్ నిర్ణయిస్తుంది. ఏవీఎస్ హెచ్‌డీ 709 అని ఉచితంగా దొరికే పరీక్షా బొమ్మల సెట్ ఉంది. అందులో బ్లాక్ క్లిప్పింగ్ బొమ్మలో 16 దాకా పట్టీలు కనిపించకూడదు, 17 నుంచి చాలా మసగ్గా మెరుస్తుండాలి. వైట్ క్లిప్పింగ్‌లో 235 దాకా తప్పకుండా విడివిడిగా కనిపించాలి, ఆ పైన కొన్ని కనిపిస్తే ఇంకా మంచిది. అది దొరక్కపోతే సినిమాతోనే సర్దవచ్చు. చీకటి సీనులో నల్ల జుట్టు చూడండి. పాయలు విడిగా తెలియాలి, అయినా జుట్టు నల్లగానే ఉండాలి. పాయలు కలిసిపోతే బ్రైట్‌నెస్ ఒక నొక్కు పెంచండి, పొగ తేలితే ఒక నొక్కు దించండి. కాంట్రాస్ట్‌కు ఎండలో తెల్ల పంచె కట్టిన మనిషి ఉన్న సీను చాలు. పంచె మడతలు మాయమయ్యేదాకా పెంచి, మడతలు తిరిగి కనిపించేదాకా వెనక్కి రండి. ఒకటి కదిపితే రెండోది కొద్దిగా జరుగుతుంది కాబట్టి, రెండింటినీ ఇంకోసారి చూసుకోండి.

కలర్, టింట్ మధ్యలోనే వదిలేయండి. ఎర్ర పట్టుచీర మడతలు ముద్దగా కలిసిపోతుంటేనే కలర్ కొద్దిగా తగ్గించండి. షార్ప్‌నెస్ చాలామంది ఇళ్లలో అవసరానికి మించి ఉంటుంది. సబ్‌టైటిల్ అక్షరాల చుట్టూ, మనుషుల భుజాల చుట్టూ సన్నటి తెల్ల గీత కనిపిస్తే, అది పోయేదాకా తగ్గించండి. గామా, అంటే నలుపు తెలుపుల మధ్య మెట్లు ఎంత ముదురుగా ఉండాలో చెప్పేది, చీకటి గదికి 2.4, కాస్త వెలుతురున్న గదికి 2.2. మీ మోడల్‌లో అంకెలు లేకపోతే సున్నా దగ్గరే ఉంచండి. సీనును బట్టి వెలుగును తానే పెంచి తగ్గించే ఆటో ఐరిస్ ఉంటే నార్మల్‌లో పెట్టి చూడండి. వెలుగు ఊపిరి పీల్చి వదిలినట్టు అనిపిస్తే ఆపేయండి.

కదలిక విషయం వేరు. మన సినిమాలు సెకనుకు 24 ఫ్రేములు. స్టిక్ ఎప్పుడూ 60 పంపుతుంటే ఒక ఫ్రేము మూడుసార్లు, తర్వాతది రెండుసార్లు చూపించాల్సి వస్తుంది. కెమెరా అడ్డంగా మెల్లగా తిరిగేటప్పుడు కనిపించే ఆ కుదుపు అందువల్లే. ఫైర్ టీవీ స్టిక్‌లో మ్యాచ్ ఒరిజినల్ ఫ్రేమ్ రేట్ అని ఒక సెట్టింగ్ ఉంది, వేసుకోండి. ఇన్ఫో పేజీలో 24కి దగ్గరి అంకె కనిపిస్తే పని జరిగినట్టే, కొన్ని యాప్‌లు మాత్రం దీన్ని పట్టించుకోవు. ఫ్రేముల మధ్య కొత్త ఫ్రేములు పుట్టించే ఫ్రేమ్ ఇంటర్‌పొలేషన్ సినిమాకు ఆపేయడమే నాకిష్టం. వేస్తే సినిమా కాస్తా సీరియల్ షూటింగ్‌లా నున్నగా కనిపిస్తుంది. క్రికెట్‌కు మాత్రం "లో" అనే తక్కువ స్థాయిలో పెట్టి చూడండి, బంతి వెనక తోక తగ్గుతుంది.

మర్నాటికి సెట్టింగ్స్ మాయమైన సంగతి. అవి ఎక్కడికీ పోలేదు. చాలా ప్రొజెక్టర్లలో పిక్చర్ విలువలు ఒక్కో ఇన్‌పుట్‌కు, ఒక్కో కలర్ మోడ్‌కు విడివిడిగా నిల్వ ఉంటాయి. హెచ్‌డీఆర్ వచ్చినప్పుడు ఆ విలువలకు ఇంకో అర తెరుచుకుంటుంది. మీరు హెచ్‌డీఎంఐ 1లో స్టిక్ మీద ఒక మోడ్ సర్దారు, మర్నాడు హెచ్‌డీఎంఐ 2లో సెట్‌టాప్ బాక్స్ పెట్టారు. దాని విలువలు దానికే ఉన్నాయి, వాటిని ఎవరూ ముట్టుకోలేదు. మెమరీ అనే పేజీ ఇందుకోసమే. సర్దడం అయ్యాక మెమరీలో దాచి, వీలుంటే పేరు పెట్టండి. మీ ఇంటికి రెండు చాలు. "రాత్రి సినిమా" అని ఒకటి: సినిమా మోడ్, లాంప్ ఈకో, ఇంటర్‌పొలేషన్ ఆఫ్. "మ్యాచ్" అని ఇంకోటి: బ్రైట్ సినిమా లాంటి మోడ్, లాంప్ హై, గామా 2.2. నాన్నగారు లైటు వేసుకుని క్రికెట్ చూస్తారన్నారు కదా, ఆయన రిమోట్‌లో ఒక్క బటన్ నొక్కితే అది రావాలి. ఆయన్ని మెనూలో తిప్పొద్దు.

నొక్కనివ్వని వరసలు పాడైపోయినవి కావు. ఇప్పుడున్న పరిస్థితిలో పనికిరానివాటిని మెనూ బూడిద రంగులో చూపిస్తుంది. సిగ్నల్ లేనప్పుడు పిక్చర్ మెనూలో సగం మూసుకుపోతుంది. హెచ్‌డీఆర్ వరస హెచ్‌డీఆర్ వచ్చినప్పుడే తెరుచుకుంటుంది. ఇమేజ్ ప్రాసెసింగ్‌ను గేముల కోసం ఫాస్ట్‌లో పెడితే ఇంటర్‌పొలేషన్, నాయిస్ రిడక్షన్ లాంటివి పనిచేయవు. మీకు నొక్కనివ్వనిది ఇంటర్‌పొలేషన్ అయితే ముందు ఆ ఫాస్ట్‌ని ఫైన్‌కి మార్చండి. ఇంకో వరస, హై ఆల్టిట్యూడ్ మోడ్, తెలియక వేసి ఉంటే ఆపేయండి. అది సాధారణంగా 1500 మీటర్ల పైన ఉన్న ఊళ్ల కోసం. మీరు విజయవాడలో ఉన్నారు, అది వేస్తే ఫ్యాన్ ఊరికే హోరెత్తుతుంది.

ఎవరో పెట్టిన అంకెల పట్టికలు చూసి అలాగే కొట్టకండి. వాళ్ల లాంప్ వయసు వేరు, తెర వేరు, గది వేరు. మోడ్, రేంజ్, గామా లాంటివి వాళ్లవి తీసుకోవచ్చు, గెయిన్ ఆఫ్‌సెట్‌లు మాత్రం మీవి మీరే చూసుకోవాలి. కొత్త లాంప్ మొదటి వంద గంటల్లో వెలుగు, రంగు కొంత మారతాయి, కాబట్టి డబ్బిచ్చి కాలిబ్రేషన్ చేయించే ఆలోచన ఉంటే ఆ తర్వాత పెట్టుకోండి.

ఈ రాత్రి రేంజ్ మార్చడం, డైనమిక్ నుంచి సినిమాకి రావడం, ఈ రెండే చేయండి. స్లయిడర్లు వద్దు. అదే చీకటి సీను ముందూ తర్వాతా ఎలా ఉందో, స్టిక్ మీద ఉన్నప్పుడు ఇన్ఫో పేజీలో రిజల్యూషన్, రిఫ్రెష్ రేట్ వరసలు ఏం చూపిస్తున్నాయో రాయండి. పొగ ఇంకా మిగిలి ఉంటే అక్కడి నుంచి చూద్దాం.